పొడి వాతావరణం

సున్నా నుంచి యాభై దాకా అంకెలు చదవమన్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు బడిలో తప్ప మళ్ళీ ఎవరూ ఆమెను అంకెలు అప్పజెప్పమని అడగలేదు. అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు మాత్రం నవ్వలేదు. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతాడని స్టేషన్లో అందరూ ఆయన్ని చెవులాయన అనేవాళ్ళు. ఒక్కో అంకెనూ మూడుసార్లు చదవాలని, ఒకసారి వాక్యం మొదట్లో ఉన్నట్టు, ఒకసారి మధ్యలో ఉన్నట్టు, ఒకసారి చివర్లో ఉన్నట్టు పలకాలని ఆయన చెప్పాడు.

ఆమె చదివింది. వాక్యం చివరికొచ్చిన పదిహేడు కిందికి దిగి కూర్చోవాలి. మధ్యలో వచ్చిన పదిహేడు తర్వాతి మాట కోసం చెయ్యి చాచాలి. రోజూ పొద్దున్నే చేస్తున్న పనే అయినా, ఇలా విడివిడిగా చెయ్యమంటే ఉడికిన కూరలోంచి ఉప్పు తీసి పక్కన పెట్టమన్నట్టుంది.

ఆ ఊరి ఎఫ్.ఎం. స్టేషన్లో ఆమె పొద్దుటి వాతావరణం చెబుతుంది. తెల్లారేసరికి వాతావరణ కార్యాలయం నుంచి బులెటిన్ వస్తుంది. దాన్ని మనుషులు మాట్లాడుకునే మాటల్లోకి మార్చుకుని, కిటికీలోంచి ఒకసారి ఆకాశం చూసుకుని, అనుమానం వస్తే ఆ కార్యాలయానికి ఫోను చేసి అడిగి, అప్పుడు మైకు ముందు కూర్చుంటుంది. చివర్లో రెండు నిమిషాలు, ఆ రోజు ఆకాశంలో జరిగేది ఎందుకు జరుగుతోందో చెబుతుంది. వడగళ్ళు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఎందుకుంటాయో, ఉరుము మెరుపు వెనకే ఎందుకు ఆలస్యంగా వస్తుందో. ఆ రెండు నిమిషాలూ ఎవరూ చెప్పమనలేదు. తనే మొదలుపెట్టింది. అది విని స్టేషన్లో వాళ్ళు ఆమెకు వానమ్మ అని పేరు పెట్టారు.

రికార్డింగ్ గదికి కిటికీ లేదు. నాలుగు గోడలకీ, తలుపుకీ నల్లటి స్పాంజి. ఏసీ నడిస్తే రొద వస్తుందని ఆపేశారు. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా లోపల మాత్రం మెడ మీద చెమట పట్టింది. చెవులాయన అద్దం మీద వేలితో తట్టి, "ఊపిరి వినపడుతోందండీ. మళ్ళీ" అన్నాడు.

ఆమె ఊపిరి బిగబట్టి మళ్ళీ చదివింది.

ఇదంతా ఎందుకని ఆమె అడగలేదు. కార్యక్రమాన్ని పెద్దది చేస్తున్నామని, అందుకు కొంచెం ఎక్కువ రికార్డింగు అవసరమవుతుందని మేనేజరు ముందే చెప్పాడు. పెద్దది అంటే మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో అవుతుందనుకుని ఆమె సంబరపడింది. వాన కురిసే ముందు మట్టివాసన ఎందుకొస్తుందో చెప్పడానికి రెండు నిమిషాలు ఎప్పుడూ చాలలేదు.

ఆ రోజు ఎప్పుడూ ఎక్కే బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు దిగి, మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, తలుపు తట్టేలోపే ఫోను మోగింది.

భర్త. ఇంటికి చేరావా అని అడిగాడు. చేరానంది. ముందు బస్సు సరైన సమయానికే వెళ్ళింది కదా అన్నాడు. రికార్డింగు ఆలస్యమైందని చెప్పింది. సరేలే అన్నాడు. అంతే. అతను బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎక్కడ ఎంత ఆలస్యమైందో రాసుకోవడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం దిగేవాడు కాదు. గట్టిగా అరిచే మనిషి కాదు. చెయ్యెత్తే మనిషి అసలే కాదు. లెక్క అడుగుతాడు. స్టేషన్ దగ్గర దిగే బస్సు, తిరిగొచ్చే బస్సు, రెండిటి మధ్యలో రేడియోలో ఆమె గొంతు. డిపోలో అతని బల్ల మీద చిన్న రేడియో ఒకటి ఉంది. అందులో ఆమె గొంతు వినపడితే హాజరు పడినట్టే.

ఇక ఆ బస్సు దిగాక మర్నాడు పొద్దున దాకా ఆమెకు బయట పనంటూ ఉండేది కాదు. సరుకులు అతనే తెచ్చేవాడు. మందులు అతనే తెచ్చేవాడు. నీకెందుకు శ్రమ అనేవాడు. వంటింటి కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ చేతికందేది. ఆ గోడకీ ఈ గోడకీ మధ్య ఎక్కడో పైన, కొలబద్ద వెడల్పున ఆకాశం ఉండేది.

*

రెండో రోజు పొగమంచు మరీ దట్టంగా పట్టింది. బస్సు లైట్లు వేసుకుని పాక్కుంటూ వెళ్ళింది. ఆ పొద్దున ఆమె రేడియోలో పొగమంచు గురించే చెప్పింది.

రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే, నేల పగలంతా దాచుకున్న వేడిని పైకి వదిలేసి చల్లబడుతుందని చెప్పింది. నేలనంటుకున్న గాలీ దాంతోపాటే చల్లబడుతుంది. చల్లబడ్డ గాలిలో అంతకుముందున్నంత ఆవిరి ఇమడదు. మిగిలింది కంటికి ఆనని చుక్కలైపోతుంది. పొగమంచంటే నేల మీదికి దిగి కూర్చున్న మబ్బే. మామూలు రోజుల్లో ఎండెక్కగానే అది విడిపోతుంది. కానీ ఈ వారం సంగతి వేరు. ఎప్పుడూ కింద వెచ్చగా, పైకి వెళ్ళేకొద్దీ చల్లగా ఉండాల్సిన గాలి ఇప్పుడు తలకిందులైంది. కింద చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతలా పడుకుంది. చల్లగాలి బరువైనది కాబట్టి ఆ మూతను తోసుకుని పైకి పోలేదు. పొయ్యిల పొగ, బస్సుల పొగ, రోడ్ల దుమ్ము, అన్నీ ఆ మూత కిందే తిరుగుతుంటాయి. నేల బాగా వేడెక్కాలి, లేకపోతే ఎక్కడినుంచో గాలి రావాలి. అప్పటిదాకా ఆస్తమా ఉన్నవాళ్ళు తలుపులు వేసుకుని ఉండడమే మంచిది.

ఇంటికి చేరేసరికి అత్తగారు హాల్లో రేడియో పక్కన కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మూడంతస్తుల మెట్లు దిగి చాలా కాలమైంది. ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే కొడుకు చెయ్యి పట్టుకుని దింపి, ఆటోలో కూర్చోబెట్టి, అదే ఆటోలో వెనక్కి తెచ్చేవాడు. పొద్దున్నే రేడియో పెట్టుకుని కోడలి మాటలు మొదటినుంచి చివరిదాకా వినేది. విని ఏనాడూ బాగుందనలేదు.

"ఇవాళ మూతల గురించి చెప్పావు" అంది బీన్స్ మీంచి చూపు తిప్పకుండా.

"అవునత్తయ్యా."

"మూత పెట్టిన గిన్నె సంగతి గిన్నెలో ఉన్నవాళ్ళనడిగితే చెప్పరూ? దానికి ఆకాశం దాకా పోవాలా?"

ఆవిడ మాటలు ఎప్పుడూ అంతే, తగిలాక గానీ పదునెంతో తెలీదు. కోడలు నవ్వేసి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, వంటింట్లోకి వెళ్ళింది.

*

మూడో రోజు మొదటి రోజు అంకెలూ లేవు, రెండో రోజు చదివించిన దిక్కులూ లేవు. చెవులాయన ఇచ్చిన కాగితాల్లో తలాతోకా లేని వాక్యాలున్నాయి. గుమ్మం దగ్గర ఘటం మోసే ఛాయాచిత్రకారుడు ఝంకారం విని ఠక్కున ఢీకొన్నాడు. అది చదివేసరికి ఆమె నాలుక మడతపడింది. తర్వాతి వాక్యంలో ఒక ఖడ్గమృగం జ్ఞానబోధ చేస్తోంది.

"ఇదేం వాతావరణమండీ?" అని అడిగింది నవ్వుతూ.

చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చెవులు ఆమె చూడడం అదే మొదటిసారి. చిన్నవి, ఒరుసుకుని ఎర్రబడి ఉన్నాయి. ఆయన గబగబా తలుపు తీసుకుని గదిలోకే వచ్చాడు. మైకులోంచి చెప్పాల్సిన మాట కాదేమో.

"మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

ఆయన స్పాంజి గోడ వైపు చూస్తూ చెప్పాడు. అన్ని అక్షరాలూ కావాలి. ఏ అక్షరం పక్కన ఏది వచ్చినా ఆమె గొంతు ఎలా పలుకుతుందో తెలియాలి. అది తెలిస్తే చాలు, ఇక ముందు బులెటిన్‌లో ఏం వచ్చినా కంప్యూటరే ఆమె గొంతుతో చదివేస్తుంది. వడగళ్ళూ ఉరుములూ మంచూ గురించిన ముక్కలు పాత టేపుల్లోంచి తీసి, మధ్యలో ఊపిరి కత్తిరించి పెట్టేశారు. సోమవారం నుంచి మొదలు.

"మరి నేను?" అంది ఆమె.

మేనేజర్ని కలవమని చెప్పి, ఆయన హెడ్‌ఫోన్లు మళ్ళీ తగిలించుకున్నాడు.

మేనేజరు మంచివాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆమె అడక్కముందే, భయపడకండి, మీకేం అన్యాయం చెయ్యం అన్నాడు. ఈ ఏడాదంతా జీతం పైసా తగ్గకుండా వస్తూనే ఉంటుందని, గొంతుకి అద్దె అనుకోమని చెప్పాడు. చలిలో పొద్దున్నే లేచి పరుగెత్తక్కర్లేదు, బస్సుల్లో నిలబడక్కర్లేదు.

"హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నాడు.

ఆమె ముఖం చూసి, ఈ మాటకు సంతోషించాల్సిన మనిషి ఎందుకిలా అయిపోయిందో అతనికి అర్థం కాలేదు. మంచినీళ్ళు తెప్పించాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. బులెటిన్ తప్పయితే ఎవరు చూస్తారని అడిగింది. తను కిటికీలోంచి చూసేదాన్నని, ఫోను చేసి అడిగేదాన్నని చెప్పింది. తప్పయితే అది వాతావరణ కార్యాలయం తప్పవుతుంది గానీ మనది కాదు కదా అన్నాడు మేనేజరు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

"సర్, బులెటిన్ కంప్యూటర్లో పెట్టడానికి రోజూ నేనొస్తాను. దానికి జీతం వద్దు."

మేనేజరు నవ్వాడు. వెక్కిరింత నవ్వు కాదు, ముచ్చటపడ్డ నవ్వు. "ఊరికే ఎవరైనా పనికి వస్తారా అండీ?" అన్నాడు. బులెటిన్ దానంతటదే కంప్యూటర్లోకి వచ్చేస్తుందని కూడా చెప్పాడు.

ఆమె వెనక్కి వెళ్ళి మిగిలిన కాగితాలు చదివింది. మధ్యాహ్నం దాకా చదివింది. ఎందుకు చదివానని తర్వాత తనను తనే చాలాసార్లు అడిగింది. పని సగంలో వదిలేయడం చేతకాక చదివింది. చెవులాయన ఒక్కసారి కూడా "మళ్ళీ" అనలేదు.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకుంది. మాట గొంతు దాకా వచ్చింది.

అప్పుడే అతను తల్లి మోకాళ్ళ ప్రస్తావన తెచ్చాడు. పొద్దున పూట అమ్మ ఒక్కతే ఉంటోందని, ఎప్పుడేం జరుగుతుందోనని డిపోలో కూర్చున్నా తనకు మనసు మనసులో ఉండదని అన్నాడు. మెత్తగానే అన్నాడు. పెరుగు కలుపుకుంటూ, "నిన్ను మానెయ్యమని నేను ఏనాడూ అనలేదు, అనను కూడా. ఆ ఉద్యోగం దానంతటదే పోయిన రోజున మాత్రం నాకేం బెంగ లేదు. ఇల్లు కుదుటపడుతుంది" అన్నాడు.

ఆమె లేచి కంచాలు తీసింది. కుళాయి కింద ఒకే గ్లాసును తోమి, కడిగి, మళ్ళీ తోమింది. ఎదురుగా చీకట్లో పక్కింటి గోడ. ఇకనుంచి పొద్దున్నా ఇదే గోడ, మధ్యాహ్నమూ ఇదే గోడ. ఇప్పుడు చెబితే ఇప్పుడే మొదలవుతుంది. సోమవారం దాకా చెప్పకపోతే సోమవారం దాకా ఆగుతుంది. అంతకుమించి ఆమె ఏ పథకమూ వెయ్యలేదు.

సోమవారం పొద్దున్నే అలవాటు చొప్పున మెలకువ వచ్చింది. అలవాటు చొప్పున టీ పెట్టి, కోటు వేసుకుని, బస్సెక్కింది. స్టేషన్ దగ్గర దిగింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. లోపలికి పంపొద్దన్నారమ్మా, ఏమీ అనుకోవద్దు అన్నాడు తల దించుకుని. పర్లేదు, ఊరికే ఇటు వచ్చానని చెప్పి ఆమె రోడ్డు దాటింది. ఎదురుగా టీ కొట్టు. పొగమంచులో కొట్టు లైటు ఒక్కటే పసుపుపచ్చగా కనపడుతోంది. ఎటు వెళ్ళాలో తెలీక అక్కడి బల్ల మీద కూర్చుంది.

కొట్టువాడి రేడియోలో ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది.

తన గొంతే. కనిష్ఠ ఉష్ణోగ్రత తొమ్మిది. వాక్యం చివర తొమ్మిది, కిందికి దిగి కూర్చున్న తొమ్మిది. ఉదయం దట్టమైన పొగమంచు. పగలు పొడి వాతావరణం. ఎక్కడా తడబాటు లేదు. చేతిలో గ్లాసు కాలుతోందని కూడా తెలీకుండా ఆమె విన్నది. కొట్టువాడు ఆమెను గుర్తుపట్టలేదు. పట్టడానికి ఆమె ముఖం ఎవరికీ తెలీదు.

ఫోను మోగింది. చెప్పేస్తాను, ఇక చెప్పక తప్పదు అనుకుంటూ తీసింది. కానీ అది భర్త పంపిన మెసేజి. "విన్నాను. ఇవాళ ఎక్కడా తొట్రుపడకుండా బాగా చదివావు."

ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. మొదట ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో అతను మెచ్చుకున్నది తనను కాదు, తను లేని గొంతును. ఆ ఏడుపు ఇంకా కళ్ళలో ఉండగానే ఇంకో సంగతి నెమ్మదిగా తెలిసొచ్చింది. ఈ రోజుకి హాజరు పడిపోయింది. తిరుగు బస్సు వచ్చేదాకా తను ఎక్కడుందో ఈ భూమ్మీద ఎవరూ అడగరు.

టీ డబ్బులిచ్చి లేచింది. స్టేషన్ వెనక నీళ్ళ ట్యాంకున్న గుట్ట ఒకటుంది. రోజూ కిటికీలోంచి చూసేది గానీ ఏనాడూ ఎక్కలేదు. దారి పట్టుకుని నడిచింది. నాలుగడుగుల ముందు ఏముందో కనపడలేదు. జుట్టు మీద, కనురెప్పల మీద మంచు చుక్కలు కట్టింది. సగం ఎక్కాక వెలుతురు రంగు మారింది. ఇంకొంచెం ఎక్కేసరికి తల మూతలోంచి బయటికొచ్చినట్టయింది. పైన ఎండ. గాలి నిజంగానే కిందికన్నా వెచ్చగా ఉంది. ఈ సంగతి రేడియోలో ఎన్నిసార్లు చెప్పిందో. బుగ్గలకు తగలడం మాత్రం ఇదే మొదలు.

కింద ఊరు లేదు. అంతా తెల్లగా చదునుగా ఉంది. దూరంగా ఏదో ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ నిలువుగా లేచి, కొంత ఎత్తుకి వచ్చాక ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు పక్కలకి పరుచుకుంటోంది. ఆమె ఒక రాతి మీద కూర్చుని చాలాసేపు చూసింది. స్వేచ్ఛగా ఉందని చెప్పడానికి లేదు. ప్రతి కాసేపటికీ గడియారం చూస్తూనే ఉంది. మంచులోంచి ఎవరు పైకొస్తున్నా డిపో మనిషేమోనని ముఖం తిప్పుకుంటూనే ఉంది. బస్సు వేళకు ముందే దిగి, స్టాపులో నిలబడి, ఎప్పటి సీట్లోనే కూర్చుని ఇంటికి వెళ్ళింది. అత్తగారు రేడియో పక్కనే ఉంది. ఆమె వంక ఒకసారి చూసి, మంచు తగ్గిందా అని అడిగింది. తగ్గలేదని చెప్పింది.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. చెప్పాల్సిన మాట రోజురోజుకీ బరువెక్కుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ దొంగలా ఉండేది. అతను ఫోను తీస్తే ఉలిక్కిపడేది. ఉన్న గోడలు చాలనట్టు ఇంకో గోడ తనే కట్టుకుంటున్నానని అనిపించేది. అయినా తెల్లారేసరికి కోటు వేసుకునేది.

*

గురువారం పొద్దున బస్సు దిగగానే తేడా తెలిసింది. పొగమంచు లేదు. తూర్పు నుంచి గాలి వీస్తోంది. ఇన్నాళ్ళుగా కదలని చెట్ల ఆకులు వెనక్కి తిరిగి తెల్లటి వీపు చూపిస్తున్నాయి. ఎక్కడో దూరాన అల్పపీడనం పట్టి ఉంటుంది, దాని అంచు ఇటు లాగుతోంది అనుకుంది ఆమె. మూత లేచిపోయింది. గుట్ట ఎక్కేసరికి ఊరు మొత్తం కడిగిపెట్టినట్టు కనపడింది. ఇళ్ళు, డిపో, తమ వీధి కూడా. తూర్పున మబ్బు అడుగుభాగం సీసం రంగులో చదునుగా ఉంది. దాని కింద వాన తెరలా వేలాడుతూ ఊరి వైపు నడిచొస్తోంది.

అదే సమయానికి ట్యాంకు దగ్గర కాపలా గదిలోని రేడియోలో ఆమె గొంతు పగలంతా పొడి వాతావరణం ఉంటుందని చెబుతోంది. బట్టలు ఆరేసుకోవడానికి మంచి రోజట. తనే అయితే ఇప్పుడు కార్యాలయానికి ఫోను చేసేది. కింద మేడల మీద రంగురంగుల బట్టలు ఎగురుతున్నాయి. అటు చూస్తుండగానే మొదటి చుక్క నుదుటి మీద పడింది.

కాపలా గదికి తాళం వేసి ఉంది. రేడియో లోపల దానంతటది మోగుతోంది. చూరు కింద నిలబడే చోటు లేదు. దిగేలోపే వాన దులిపి వదిలింది. కోటు లోపలి బట్టల దాకా తడిసింది. బస్సెక్కేసరికి వాన వెలిసి ఎండ కూడా వచ్చింది. కండక్టరు ఆమెను వింతగా చూశాడు.

తలుపు అత్తగారే తీసింది. పాదాల నుంచి తల దాకా ఒకసారి చూసింది. గుమ్మంలో మడుగు కడుతోంది. ఆమె నోరు తెరిచేలోపే ఆవిడ వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, మెల్లగా పడకగదిలోకి, అక్కణ్ణుంచి స్నానాలగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆమె బట్టలు మార్చుకుని తడి కోటు కుర్చీ మీద వేసేసరికి మెట్ల మీద భర్త అడుగులు వినపడ్డాయి. వానకి డిపోలో షెడ్డు కారి మధ్యాహ్నం డ్యూటీకి మార్చారట. భోంచేసి వెళ్దామని వచ్చాడు.

అతను చెప్పులు విప్పుతూ గుమ్మంలో మడుగు చూశాడు. కుర్చీ మీద కోటు చూశాడు. దాని చివరలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతూనే అన్నాడు.

"పొడి వాతావరణం అన్నావు కదే."

"బులెటిన్ తప్పు" అంది ఆమె.

"తప్పే. వాన మొదలైనప్పుడు నువ్వింకా రేడియోలో మాట్లాడుతున్నావు. నేను డిపోలో వింటున్నాను." అతని నవ్వు ఆగిపోయి, కళ్ళలో లెక్క మొదలైంది. "నువ్వు బస్సెక్కే వేళకి వెలిసింది. స్టేషన్ ముందే స్టాపు. మరి ఎక్కడ తడిశావు?"

ఆమె నిజమే చెప్పేద్దామని నిశ్చయించుకుని నోరు తెరిచింది.

"మేడమీద" అంది అత్తగారు.

చీర కుచ్చిళ్ళు, మోచేతులు తడిసిపోయి ఆవిడ స్నానాలగది గుమ్మంలో నిలబడి ఉంది.

"రేడియోలో బట్టలారేసుకోమంది కదా అని పక్కింటావిడ చేత దుప్పట్లు మేడమీద వేయించాను. వాన కొట్టేసింది. ఇది ఇంట్లో అడుగుపెట్టగానే తెమ్మని పంపాను. కోటైనా విప్పనివ్వలేదు. నీళ్ళోడుతున్న దుప్పట్లు భుజాన వేసుకుని దిగితే తడవక ఏమవుతుంది? నీ తల్లి ఈ మోకాళ్ళతో మేడెక్కాలా?"

అతను కోటు భుజం వైపు చూశాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాడు. అక్కడ బకెట్లో రెండు దుప్పట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. కాసేపటికి బయటికొచ్చి, పక్కింటావిణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం, తనకు చెబితే తనే వేసేవాణ్ణి కదా అన్నాడు. భోంచేశాడు. వాతావరణశాఖ మీద ఒక జోకు కూడా వేశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు కింద అంతస్తు దాకా దిగేవరకు ఇద్దరూ కదల్లేదు.

"పొద్దున ఆ దుప్పట్లు మంచం మీదే ఉన్నాయి" అంది ఆమె చివరికి. "మడతపెట్టి వెళ్ళింది నేనే."

"ఇవాళ రాత్రి వణకాల్సిందే ముగ్గురం" అంది అత్తగారు. "పట్టు ఆ కొస."

బకెట్ ముందు చెరో వైపూ నిలబడి మొదటి దుప్పటి పైకి తీశారు. బరువుగా ఉంది. కోడలు కుడివైపుకి, అత్తగారు ఎడమవైపుకి మెలి తిప్పడం మొదలుపెట్టారు. నీళ్ళు గచ్చు మీద ధారకట్టాయి.

"మీకెప్పుడు తెలిసిందత్తయ్యా?"

"మొదటిరోజే. తూర్పు అనేముందు నువ్వు ఊపిరి తీసుకుంటావు. చదివే ముక్క పెద్దదైతే మధ్యలో ఇంకోటి తీసుకుంటావు. ఇన్నేళ్ళుగా వింటున్నాను, నాకు తెలీదా? సోమవారం నుంచి అది ఒక్క ఊపిరి తియ్యకుండా వాగుతోంది. అట్లా మాట్లాడే ఆడది ఈ లోకంలో ఉండదు."

ఆమెకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముఖం తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ దుప్పటే ఉంది. ఉద్యోగం సంగతి చెప్పింది. స్పాంజి గదిలో చదివిన వాక్యాలు చెప్పింది. హాయిగా ఇంట్లో కూర్చోమన్న మాట దగ్గరికొచ్చేసరికి అత్తగారు ముక్కుతో చిన్న చప్పుడు చేసింది.

"మరి రోజూ ఎటు పోతున్నావు?"

ఆమె గుట్ట గురించి చెప్పింది. పొగమంచులోంచి తల బయటికొచ్చిన సంగతి, పైన ఎండ వెచ్చగా తగిలిన సంగతి, ఇవాళ గాలికి మూత లేచిపోయి ఊరు మొత్తం కనపడిన సంగతి. మన వీధి కూడా కనపడుతుందని చెప్పింది. అత్తగారు మెలి తిప్పడం ఆపి వింది.

"పైకి మెట్లున్నాయా, దారా?" అని అడిగింది.

"దారేనత్తయ్యా. మధ్యలో కూర్చోడానికి రాళ్ళున్నాయి."

అత్తగారు దుప్పటి కొస గట్టిగా పట్టుకుని ఇంకో మెలి తిప్పింది.